కంప్యూటరు లోపల మరో కంప్యూటరు

ఈసారి పాఠాన్ని నా పొరపాటు ఒకటి చెప్పి మొదలుపెడతాను. మాష్టార్లు తమ పొరపాట్లు చెప్పుకోవడానికి సాధారణంగా ఇష్టపడరు. కాని విజ్ఞానశాస్త్రంలో తప్పిన ప్రయోగం కూడా పాఠమే గదా!

కొన్నేళ్ళ క్రితం మా పాఠశాలలో సరిగా పనిచేసే కంప్యూటరు ఒక్కటే ఉండేది. అందులో పిల్లలకు లైనక్సు చూపించాలని నాకు కోరిక పుట్టింది. ఒక సాయంత్రం పెన్‌డ్రైవు పెట్టి, తెరమీద వచ్చిన ప్రశ్నలన్నింటికీ 'ఎస్', 'ఎస్' అంటూ పోయాను. వాటిలో ఒక ప్రశ్న, "ఈ డిస్కు మీద ఉన్నదంతా చెరిపివేయమంటారా?" అన్నది. దానికీ 'ఎస్' అన్నాను. కాసేపటికి కొత్త సిస్టం చక్కగా వచ్చింది. పదవ తరగతి పిల్లలు మూడు నెలలు కష్టపడి తయారుచేసుకున్న సైన్సు ప్రాజెక్టులు మాత్రం పోయాయి. మర్నాడు ఒక అమ్మాయి నిలబడి, "సార్, వెనక్కి తిప్పడం కుదరదా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

అసలు కంప్యూటరును ముట్టుకోకుండానే, దాని లోపల మరో కంప్యూటరును సృష్టించి, అందులో కొత్త సిస్టంను ఎక్కించే పద్ధతి ఒకటుంది. అందులో ఏం చెడినా వెనక్కి తిప్పుకోవచ్చు. ఆనాడు నాకది తెలిసి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో, మీరే స్వయంగా ఎలా చేసి చూడవచ్చో ఇప్పుడు తెలుసుకుందాం.

అతిథి, ఆతిథేయి

కంప్యూటరులో ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, డిస్కు, తెర, కీబోర్డు ఉంటాయని మీకు తెలుసు. వీటన్నింటినీ అదుపులో పెట్టి, ప్రోగ్రాములకు పంచిపెట్టే పెద్ద ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టం. విండోస్ అలాంటిదే. ఫిన్లాండులోని హెల్సింకీలో విద్యార్థిగా ఉన్న లీనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లైనక్సు కూడా అలాంటిదే.

ప్రతి ఆపరేటింగ్ సిస్టం కంప్యూటరంతా తనదే అనుకుంటుంది. అందుకే సాధారణంగా ఒక కంప్యూటరులో ఒక సమయంలో ఒకటే నడుస్తుంది. ఒక ఇంటికి ఇద్దరు యజమానులుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు!

మరి రెండో సిస్టంను ఎలా నడపడం? దానికి ఒక ఉపాయం ఉంది. రెండోదాన్ని యజమానిగా కాకుండా అతిథిగా పిలవాలి. ఇంట్లో ఒక గది ఖాళీ చేసి ఇచ్చి, ఆ గదే మొత్తం ఇల్లు అని దాన్ని నమ్మించాలి. అసలు కంప్యూటరును నడిపే సిస్టంను ఆతిథేయి అంటాం. గదిలో నడిచేదాన్ని అతిథి అంటాం. తెరమీద ఇవి 'హోస్టు', 'గెస్టు' అన్న పేర్లతో కనిపిస్తాయి. అతిథి కోసం తయారుచేసిన ఆ నమ్మకపు కంప్యూటరే వర్చువల్ మెషీన్. మనం దీన్ని 'కల్పిత యంత్రం' అనుకుందాం.

ఈ యంత్రానికి డిస్కు ఉంటుంది. నిజానికది ఆతిథేయి డిస్కు మీద ఉన్న ఒక ఫైలు మాత్రమే. దీనికి జ్ఞాపకశక్తి ఉంటుంది. అది ఆతిథేయి తన జ్ఞాపకశక్తి నుంచి కొలిచి ఇచ్చిన ముక్క. దీనికి తెర ఉంటుంది. అది మీ తెరమీద ఒక కిటికీ. అతిథి తన డిస్కునంతా చెరిపివేసుకున్నా, చెరిగేది ఆ ఒక్క ఫైలులోని సంగతే.

నీరటికాడి పని

"ఒకే ప్రాసెసరు మీద ఇద్దరు యజమానులు పోట్లాడుకోరా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దీనికి జవాబు మన ఊరి చెరువు దగ్గర దొరుకుతుంది.

చెరువు కింద పొలాలుంటాయి. ఎవరి మడిలో వారు దున్నుకోవచ్చు, నాట్లు వేసుకోవచ్చు, కలుపు తీసుకోవచ్చు. అందుకు ఎవరినీ అడగనక్కరలేదు. కాని తూము ఎత్తడం, దించడం మాత్రం నీరటికాడి పని. రైతు తనంతట తాను తూము మీద చెయ్యి వేస్తే నీరటికాడు ఆపి, "నీకెంత కావాలో చెప్పు, నేనే వదులుతాను" అంటాడు.

కల్పిత యంత్రంలోనూ ఇంతే. కూడడం, పోల్చడం, ఒకచోటి అంకెను మరోచోట ఉంచడం వంటి మామూలు ఆదేశాలను అతిథి సూటిగా అసలు ప్రాసెసరు మీదనే నడుపుకుంటుంది. అందుకే దాని వేగం పెద్దగా తగ్గదు. డిస్కును కదిలించడం, ప్రాసెసరు నడిచే తీరును మార్చడం వంటి ఆదేశం వచ్చినప్పుడు మాత్రం ప్రాసెసరు అక్కడ ఆగి, పనిని హైపర్‌వైజరు అనే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. అదే మన నీరటికాడు. అతిథి అడిగిన పనిని అది తగిన హద్దుల్లో చేసిపెట్టి, తిరిగి అతిథికి వదులుతుంది. మధ్యలో ఆగిన సంగతి అతిథికి తెలియనే తెలియదు. (పొలంలో రైతుకు నీరటికాడు కనిపిస్తాడు. ఇక్కడ కనిపించడు. పోలిక అంతవరకే!)

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబిఎం సంస్థ శాస్త్రజ్ఞులు తయారుచేసిన సిపి-40 అనే వ్యవస్థ 1967లోనే పనిలోకి వచ్చింది. ఒకే పెద్ద యంత్రాన్ని అనేకమంది వాడుకుంటూ, ఒక్కొక్కరూ తమకు విడిగా ఒక కంప్యూటరు ఉన్నట్లే పనిచేసేవారు. 1972లో ఐబిఎం ఈ పద్ధతిని వియం/370 అనే పేరుతో తన వినియోగదారులకు అందించింది. 1974లో గెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు ఇలాంటి పర్యవేక్షక ప్రోగ్రాముకు మూడు లక్షణాలు ఉండాలని చెప్పారు:

1. లోపల నడిచే ప్రోగ్రాము అసలు యంత్రం మీద నడిచినట్లే నడవాలి.
2. చాలా ఆదేశాలు మధ్యవర్తి లేకుండా సూటిగా ప్రాసెసరు మీదనే నడవాలి.
3. వనరుల మీద పెత్తనం ఎప్పుడూ పర్యవేక్షకుడి చేతిలోనే ఉండాలి.

మన బల్లల మీద ఉండే చిన్న కంప్యూటర్ల ప్రాసెసర్లు చాలాకాలం ఈ పనికి అనువుగా లేవు. కొన్ని సున్నితమైన ఆదేశాలు వచ్చినా అవి ఆగి పర్యవేక్షకుణ్ణి పిలిచేవి కావు. 1999లో విఎంవేర్ సంస్థ అలాంటి ఆదేశాలను ముందే పసిగట్టి మార్చివేసే ఉపాయంతో ఆ కష్టాన్ని దాటింది. తరువాత ఇంటెల్ 2005లో, ఏఎండి 2006లో ఈ సౌకర్యాన్ని ప్రాసెసరులోనే అమర్చి అమ్మడం మొదలుపెట్టాయి. కాబట్టి నేడు ఇంట్లో ఉండే కంప్యూటరులో కూడా ఈ ప్రయోగం చేయవచ్చు.

చిన్న అతిథినే ఎందుకు పిలవాలి?

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. మీ కంప్యూటరులో 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉందనుకోండి. అంటే 4 × 1024 = 4096 మెగాబైట్లు. అందులో పెద్ద భాగం ఆతిథేయికే కావాలి. విండోస్ 11ను అతిథిగా పిలుద్దామా అంటే, దానికి కనీసం 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 64 గిగాబైట్ల డిస్కు ఉండాలని దాన్ని తయారుచేసినవారే చెబుతున్నారు. ఇల్లంతా అతిథికే ఇచ్చి మనం వీధిలో పడుకోవాలి!

అందువల్ల తేలికైన అతిథి కావాలి. అలాంటి వాటిలో ఆల్పైన్ లైనక్సు ఒకటి. ఇది 2005లో మొదలైంది. దీనిని ప్రారంభించినవారు నటనేల్ కోపా. కల్పిత యంత్రాల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన దీని ప్రతి సుమారు 60, 70 మెగాబైట్లే ఉంటుంది. దీనికి మనం 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తి ఇద్దాం. 4096లో 512 అంటే ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతులూ ఆతిథేయికే ఉంటాయి.

ఇది ఇంత చిన్నదిగా ఎలా ఉంది? మీ ఇంట్లో పోపుల పెట్టె చూడండి. ఆవాలకు, జీలకర్రకు, మెంతులకు వేరువేరు డబ్బాలు పెట్టకుండా ఒక్క పెట్టెలోనే అన్నీ అమర్చి ఉంటాయి. ఆల్పైన్‌లో బిజీబాక్స్ అనే ప్రోగ్రాము అచ్చంగా ఇలాంటిదే. ఫైళ్ళ జాబితా చూపడం, నకలు తీయడం, చెరిపివేయడం వంటి వందలాది చిన్న పనిముట్లన్నీ ఒకే ఫైలులో ఇమిడి ఉంటాయి. ఒకే ఫ్లాపీ డిస్కులో పట్టే లైనక్సు కావాలన్న ఉద్దేశంతో బ్రూస్ పెరెన్స్ 1995లో దీన్ని రాశారు. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లే. అంత ఇరుకు గది కోసం పుట్టిన పొదుపు ఈనాటికీ పనికివస్తూ ఉంది. ఆల్పైన్‌లో బొమ్మల తెర, ఆటలు, పాటలు మొదట ఉండవు. నల్లని తెర, తెల్లని అక్షరాలు, అంతే. కావలసినవి తరువాత తెచ్చుకోవచ్చు.

సామగ్రి

ముందుగా మీ కంప్యూటరు ఎవరిదో వారి అనుమతి తీసుకోండి. ఇంట్లో అయితే పెద్దలను, బడిలో అయితే మాష్టారిని అడగండి. తరువాత ఈ మూడింటిని సిద్ధం చేసుకోండి.

1. వర్చువల్‌బాక్స్. కల్పిత యంత్రాన్ని సృష్టించే ప్రోగ్రాము ఇదే. 2007లో ఇన్నోటెక్ అనే జర్మను సంస్థ విడుదల చేసింది. 2008లో సన్ సంస్థకూ, 2010లో ఆరకిల్ సంస్థకూ చేరింది. దీని మూల ప్యాకేజీకి డబ్బు చెల్లించనక్కరలేదు.

2. ఆల్పైన్ ఐసో ఫైలు. ఆల్పైన్ వారి సొంత సైటులో 'వర్చువల్' అనే శీర్షిక కింద 'ఎక్స్86_64' అని ఉన్నది తీసుకోండి. ఇంటెల్, ఏఎండి ప్రాసెసర్లకు అదే సరిపోతుంది. ఐసో ఫైలు అంటే ఒక సీడీలో ఉండే సంగతంతా ఒకే ఫైలుగా మార్చినది.

3. ప్రాసెసరు అనుమతి. విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరిచి, 'పెర్ఫార్మెన్స్'లో ప్రాసెసరు పేజీ చూడండి. 'వర్చువలైజేషన్: ఎనేబుల్డ్' అని ఉంటే సరే. 'డిజేబుల్డ్' అని ఉంటే కంప్యూటరు బయోస్‌లో దాన్ని మార్చాలి. ఆ పని తెలిసిన పెద్దల చేత చేయించండి.

దింపుకున్న ఐసో ఫైలు దారిలో చెడిపోలేదని ఎలా తెలుస్తుంది? దానికి వేలిముద్ర లాంటిది ఒకటి ఉంది. షా-256 అనే లెక్క ఏ ఫైలుకైనా 64 అక్షరాల గుర్తు ఒకటి ఇస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది. సైటులో ఇచ్చిన గుర్తునూ, మీ కంప్యూటరు లెక్కకట్టి ఇచ్చిన గుర్తునూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే ఫైలు మంచిదే.

గది కడదాం

వర్చువల్‌బాక్స్‌లో 'న్యూ' అనే బటను నొక్కండి. పేరు అడిగితే మీకిష్టమైన పేరు పెట్టండి. రకం లైనక్సు, అది 64 బిట్లది అని ఎంచుకోండి. జ్ఞాపకశక్తి 512 మెగాబైట్లు, ప్రాసెసర్లు 1, డిస్కు 4 గిగాబైట్లు ఇవ్వండి. ఐసో ఫైలు ఎక్కడుందో చూపించండి. కల్పిత యంత్రం దాన్ని తన సీడీ డ్రైవులో పెట్టిన సీడీ అనుకుంటుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. 4 గిగాబైట్ల డిస్కు అని చెప్పినా, మీ అసలు డిస్కులో వెంటనే అంత చోటు పోదు. అతిథి రాసుకుంటున్న కొద్దీ ఫైలు పెరుగుతుంది. 4 గిగాబైట్లు దాని గరిష్ఠ హద్దు మాత్రమే.

మొదటి ప్రయోగం: మరిచిపోయే కంప్యూటరు

'స్టార్ట్' నొక్కండి. కిటికీలో అక్షరాలు గబగబా పరుగెత్తి, చివరకు 'లాగిన్' అని ఆగుతుంది. 'రూట్' అని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టి ఎంటర్ నొక్కండి. సంకేతపదం అడగదు. ఇప్పుడు మీరు అతిథి ఇంట్లో ఉన్నారు. కీబోర్డు, మౌసు ఆ కిటికీలోనే చిక్కుకుపోయినట్లు అనిపిస్తే కుడివైపు కంట్రోల్ మీట ఒకసారి నొక్కండి, బయటికి వస్తారు.

ఇప్పుడు 'ఎకో' అనే ఆదేశంతో ఒక చిన్న ఫైలు రాద్దాం. 'ఎకో', ఖాళీ, 'హలో', ఖాళీ, కుడివైపు చూసే బాణం గుర్తు, ఖాళీ, ఆ తరువాత ఫైలుకు ఏదైనా పేరు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి. 'ఎల్', 'ఎస్' అనే రెండక్షరాల ఆదేశం ఇస్తే మీ ఫైలు పేరు కనిపిస్తుంది. ఇప్పుడు 'రీబూట్' అని ఆదేశం ఇచ్చి మళ్ళీ లోపలికి రండి. మళ్ళీ 'ఎల్', 'ఎస్' కొట్టండి. ఫైలు ఏదీ? లేదు!

ఎందుకు లేదు? సీడీ మీద రాయలేం గదా. ఇప్పటివరకు ఆల్పైన్ సీడీ నుంచి లేచి జ్ఞాపకశక్తిలోనే నివసిస్తూ ఉంది. యంత్రం ఆగితే జ్ఞాపకశక్తిలో ఉన్నదంతా పోతుంది. పలక మీద రాసి తుడిచినట్లన్నమాట. పలకను నోటు పుస్తకంగా మార్చడమే 'ఇన్‌స్టాల్' చేయడం, అంటే సిస్టంను డిస్కు మీద స్థిరంగా ఎక్కించడం.

డిస్కు మీదకు ఎక్కిద్దాం

'సెటప్', ఒక అడ్డగీత, 'ఆల్పైన్' అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ప్రశ్నలు ఒక్కొక్కటిగా వస్తాయి. నాలాగా కళ్ళు మూసుకుని 'ఎస్' అనకండి! చదివి జవాబివ్వండి. చదరపు బ్రాకెట్లలో ఉన్నది యంత్రం సూచించే జవాబు. అది మీకు సమ్మతమైతే ఎంటర్ నొక్కితే చాలు.

కీబోర్డు రకానికి 'యుఎస్' అని, తరువాత దాని ఉపరకానికీ 'యుఎస్' అనే ఇవ్వండి. యంత్రానికి ఒక పేరు పెట్టండి. నెట్‌వర్కు ప్రశ్నలకు ఎంటర్ చాలు. యంత్రం తనంతట తాను చిరునామా అడిగి తీసుకుంటుంది. సాధారణంగా వర్చువల్‌బాక్స్ దానికి 10.0.2.15 అనే చిరునామా ఇస్తుంది. ఈ చిరునామా బయటి ప్రపంచానికి తెలియదు. అతిథి పంపే ఉత్తరాలన్నీ ఆతిథేయి 'కేరాఫ్' చిరునామాతోనే పోతాయి, జవాబులూ అలాగే వస్తాయి.

సంకేతపదం అడిగినప్పుడు మీరు కొట్టే అక్షరాలు తెరమీద కనిపించవు, చుక్కలు కూడా రావు. కీబోర్డు పాడైందని కంగారుపడకండి. పక్కవారు చూడకుండా అలా ఏర్పాటు చేశారు. కాలమండలానికి 'ఆసియా/కోల్‌కతా' అని ఇవ్వండి. మిగతావాటికి యంత్రం సూచించిన జవాబులే సరిపోతాయి.

చివరికి డిస్కు సంగతి వస్తుంది. ఏ డిస్కు వాడాలని అడుగుతూ ఉన్నవాటి జాబితా ఇస్తుంది. 'ఎస్‌డిఎ' అనే పేరు, దాని పక్కన 4.3 గిగాబైట్లు, 'విబాక్స్ హార్డ్‌డిస్క్' అని కనిపిస్తుంది. 'ఎస్‌డిఎ' అని జవాబివ్వండి. ఎలా వాడాలని అడిగితే 'సిస్' అనండి. అంటే 'సిస్టంను ఇక్కడే స్థిరంగా ఉంచు' అని.

భయపెట్టే ప్రశ్న

అప్పుడు వస్తుంది అసలు ప్రశ్న. "పై డిస్కును చెరిపివేసి ముందుకు సాగమంటారా?" యంత్రం తానుగా సూచించే జవాబు 'ఎన్', అంటే వద్దు అని. ఆనాడు నేను ఆలోచించకుండా దాటిన ప్రశ్న ఇదే. ఈసారి ఒక నిమిషం ఆగుదాం.

చెరిగేది ఏ డిస్కు? యంత్రం మనకు రెండు సాక్ష్యాలు ఇచ్చింది. ఒకటి పేరు. 'విబాక్స్' అంటే వర్చువల్‌బాక్స్ తయారుచేసిన కల్పిత డిస్కు అని. రెండోది కొలత. మీ అసలు డిస్కు వందల గిగాబైట్లు ఉంటుంది. ఇది నాలుగే.

"మేము ఇచ్చింది 4, అది చూపేది 4.3. ఇదేమిటి?" అని మీలో ఎవరైనా అడిగితే సంతోషిస్తాను. వర్చువల్‌బాక్స్ గిగాబైటును 1024 × 1024 × 1024 బైట్లుగా లెక్కిస్తుంది. దానికి నాలుగు రెట్లు 4,29,49,67,296. ఆల్పైన్ మాత్రం గిగాబైటు అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కిస్తుంది. 429 కోట్లను 100 కోట్లతో భాగిస్తే 4.29, అంటే సుమారు 4.3. డిస్కు ఒకటే, కొలబద్దలు రెండు. అంతేగాని తేడా ఏమీ లేదు.

సాక్ష్యాలు రెండూ సరిపోయాయి గనుక ఇప్పుడు 'వై' అని కొట్టండి. కొద్ది నిమిషాల్లో పని పూర్తవుతుంది. 'పవర్ఆఫ్' అని ఆదేశం ఇచ్చి యంత్రాన్ని ఆపండి. వర్చువల్‌బాక్స్ సెట్టింగులలో 'స్టోరేజ్' తెరిచి సీడీ డ్రైవులోని ఐసో ఫైలును తీసివేయండి. తీయకపోతే యంత్రం మళ్ళీ సీడీ నుంచే లేచి, "నేను పెట్టిన సంకేతపదం ఏమైంది?" అని మిమ్మల్ని తికమకపెట్టవచ్చు.

మళ్ళీ 'స్టార్ట్' నొక్కండి. 'రూట్' అని, మీ సంకేతపదం కొట్టి లోపలికి వెళ్ళండి. ముందటిలాగే చిన్న ఫైలు రాసి రీబూట్ చేయండి. ఈసారి ఫైలు ఎక్కడికీ పోదు. పలక నోటు పుస్తకమైంది! ఇంటర్నెట్ ఉంటే 'ఏపికె', 'యాడ్', 'పైథాన్3' అనే మూడు మాటలను ఖాళీలిచ్చి కొట్టండి. పైథాన్ భాష మీ కొత్త కంప్యూటరులోకి వచ్చి కూర్చుంటుంది.

రెండో ప్రయోగం: కావాలనే చెడగొడదాం

యంత్రాన్ని ఆపి, వర్చువల్‌బాక్స్‌లో 'స్నాప్‌షాట్స్' పేజీకి వెళ్ళి 'టేక్' నొక్కండి. ఒక పేరు పెట్టండి. ఇప్పుడు వర్చువల్‌బాక్స్ పాత డిస్కు ఫైలును ఇక ముట్టుకోదు. ఇకపై జరిగే మార్పులన్నీ వేరే కొత్త ఫైలులో రాస్తుంది. పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి, గీతలన్నీ ఆ కాగితం మీద గీసినట్లు. కాగితం తీసివేస్తే కింద పటం చెక్కుచెదరకుండా ఉంటుంది.

యంత్రాన్ని నడిపి లోపలికి వెళ్ళండి. పోపుల పెట్టె గుర్తుందా? దాన్నే చెరిపివేద్దాం. చెరిపే ఆదేశం 'ఆర్', 'ఎమ్' అనే రెండక్షరాలు. తరువాత ఖాళీ, ఏటవాలు గీత, 'బిన్', ఏటవాలు గీత, 'బిజీబాక్స్'. ఎంటర్ నొక్కే ముందు మీరు కల్పిత యంత్రం కిటికీలోనే ఉన్నారని మరోసారి చూసుకోండి.

ఇప్పుడు వర్చువల్‌బాక్స్ కిటికీ మూసే గుర్తు నొక్కి, 'పవర్ ఆఫ్' ఎంచుకుని, తిరిగి నడపండి. యంత్రం లేవదు. మధ్యలోనే ఆగిపోయి ఇంగ్లీషులో ఫిర్యాదు చేస్తుంది. ఒక్క ఫైలు పోతే సిస్టం మొత్తం ఎందుకు కూలింది? లేచేటప్పుడు చేయవలసిన మొదటి పని కూడా ఆ పెట్టెలోని పనిముట్టుతోనే జరగాలి గనుక. అన్నీ ఒకేచోట ఉంచితే చోటు కలిసివస్తుంది, కాని ఆ ఒక్కటీ పోతే అన్నీ పోతాయి. పొదుపుకు ఉన్న రెండో ముఖం ఇది.

అతిథి ఇల్లు కూలింది. మీ విండోస్ మాత్రం ఎప్పటిలాగే ఉంది, మీ ఫైళ్ళన్నీ క్షేమం. కల్పిత యంత్రాన్ని ఆపి, స్నాప్‌షాట్ పేరు మీద 'రిస్టోర్' నొక్కి, 'స్టార్ట్' చేయండి. కొన్ని క్షణాల్లో ఆల్పైన్ ఏమీ జరగనట్టే లేచి నిలబడుతుంది.

కొన్ని జాగ్రత్తలు

కల్పిత యంత్రం గోడలు గట్టివే గాని, ఎన్నడూ బీటలు పడనివి కావు. ఇలాంటి ప్రోగ్రాములలో అప్పుడప్పుడు లోపాలు బయటపడుతుంటాయి, వాటిని సరిదిద్దుతూ కొత్త ప్రతులు వస్తుంటాయి. కాబట్టి వర్చువల్‌బాక్స్‌ను ఎప్పటికప్పుడు కొత్త ప్రతికి మార్చుకోండి. వైరస్‌లను తెచ్చి పరీక్షించే సాహసాలు చేయకండి.

అతిథికి ఆతిథేయి జ్ఞాపకశక్తిలో సగానికి మించి ఇవ్వకండి. ఆతిథేయికి చోటు చాలకపోతే అది డిస్కును జ్ఞాపకశక్తిగా వాడుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు ఇద్దరూ నత్తనడక నడుస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, స్నాప్‌షాట్ అంటే భద్రపరచిన నకలు కాదు. అది కూడా అదే డిస్కు మీద ఉన్న ఫైలే. డిస్కు కాలిపోతే రెండూ కలిసే పోతాయి. విలువైన పని ఏదైనా మరో పెన్‌డ్రైవులోనో, మరో కంప్యూటరులోనో తప్పక దాచుకోవాలి.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నేనివ్వవలసిన జవాబులో ఈ రెండు భాగాలూ ఉన్నాయి. కొత్తది నేర్చుకునే చోట వెనక్కి తిప్పే దారి ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఇతరుల శ్రమ ఉన్నచోట నకలు లేకుండా చెయ్యి పెట్టకూడదు. ఆ ఏడు పిల్లలు ప్రాజెక్టులను మళ్ళీ మొదటినుంచి రాశారు. వారితో కూర్చుని నేనూ రాశాను. ఇప్పుడు మా బడిలో ఎవరు కొత్తగా లైనక్సు నేర్చుకున్నా మొదటి పాఠం ఎక్కించడం, రెండో పాఠం చెడగొట్టడం, మూడో పాఠం తిరిగి నిలబెట్టడం.

ఆలోచించండి

1. 8 గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న కంప్యూటరులో సగం ఆతిథేయికి ఉంచి, మిగిలిన దానిలో 512 మెగాబైట్ల చొప్పున ఎంతమంది అతిథులను పిలవవచ్చు?
2. 8 గిగాబైట్ల కల్పిత డిస్కు ఇస్తే ఆల్పైన్ తెరమీద ఎన్ని గిగాబైట్లు చూపుతుంది? లెక్కకట్టి, తరువాత యంత్రంలో సరిచూసుకోండి.
3. స్నాప్‌షాట్ తీసుకున్న తరువాత రాసిన ఫైలు, 'రిస్టోర్' చేశాక ఉంటుందా, ఉండదా? ట్రేసింగ్ కాగితం పోలికతో కారణం చెప్పండి.